కాల్గరీ ఫ్లేమ్స్ యాజమాన్యానికి బహిరంగ లేఖ: తప్పు జూలై 22న జరగలేదు

2025 సెప్టెంబరు, కాల్గరీ

ఫ్లేమ్స్ జనరల్ మేనేజర్ (జీఎం) క్రెయిగ్ కాన్రాయ్ గారికి, ఆఫీసులోని మిగతా పెద్దలకు,

నమస్కారం. మీలో ఎవరికీ తెలుగు రాదని తెలుసు. అయినా తెలుగులోనే రాస్తున్నా, ఎందుకంటే ఈ గొడవ నేను మూడేళ్ళుగా పడుతున్నది తెలుగులోనే, మా కాల్గరీ తెలుగు బ్యాచ్‌తో, ఎవరింట్లో పాట్‌లక్ ఉంటే వాళ్ళింట్లో, చేతిలో బిర్యానీ ప్లేటు చల్లారిపోతున్నా పట్టించుకోకుండా. గొడవ ఒక్కటే. 2022 జూలై 22న మన ఐస్ హాకీ టీమ్ స్టార్ మాథ్యూ కచక్‌ని ఫ్లోరిడా పాంథర్స్‌కి ఇచ్చేసిన ట్రేడ్, అంటే ఆటగాళ్ళ మార్పిడి. (ఇంగ్లీషులో ఆ పేరు ముందు ఒక టీ ఉంటుంది, పలకరు. పలికితే మా అబ్బాయి నవ్వుతాడు.) మా వాళ్ళందరి మాటా ఒకటే, అంత దరిద్రపు ట్రేడ్ ఇంకోటి లేదని. నేను ఒక్కణ్ణే కాదంటాను. ఆ రోజు మీ చేతిలో ఉన్న ముక్కలతో అంతకంటే బాగా ఎవరూ ఆడలేరు. కొంప మునిగింది ఆ తర్వాత 13 రోజులకు, ఆగస్టు 4న, బదులుగా వచ్చినవాడికి ఎనిమిదేళ్ళ కాంట్రాక్ట్ రాసిన రోజు.

ముందు నా సంగతి చెప్పాలి. ఇక్కడికి వచ్చిన కొత్తలో హాకీ అంటే నాకు ధ్యాన్‌చంద్ హాకీయే. ఆఫీసులో ఒకాయన జాలిపడి ఫ్లేమ్స్ ఆడే స్టేడియం సాడిల్‌డోమ్‌కి తీసుకెళ్ళాడు, పైన ఎక్కడో చివరి వరసలో కూర్చున్నాం, పక్ (బంతి బదులు వాడే రబ్బరు బిళ్ళ) ఎక్కడుందో మూడో పీరియడ్ దాకా నాకు కనపడలేదు. ఆట అర్థం కాకముందే నాకు అర్థమైన మనిషి కచక్. విజయవాడ బస్టాండులో కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు పట్టినవాడు ఎలా కూర్చుంటాడో, గోలీ (గోల్‌కీపర్) ముందు అతను అలా నిలబడతాడు. తోస్తారు, తిడతారు, కర్రతో వీపు మీద బాదుతారు, కదలడు. పైగా నవ్వుతాడు. మా అబ్బాయి పుట్టినరోజుకి 19 నంబరు జెర్సీ కొనిపెట్టాను. ఆ డబ్బుతో నెలంతా కూరగాయలు వచ్చేవని మా ఆవిడ ఇప్పటికీ గుర్తుచేస్తుంది.

2021-22 సీజన్ గుర్తుందా? మీకెందుకు గుర్తుండదు లెండి. ఎలియాస్ లిండ్‌హోమ్ మధ్యలో, జానీ గోడ్రో ఎడమన, కచక్ కుడిన. ఒకే లైన్‌లో ముగ్గురూ 40కి తగ్గకుండా గోల్స్ కొట్టారు. గోడ్రో 115 పాయింట్లు, కచక్ 104 (ఆటగాడికి గోల్‌కో, గోల్‌కి దారితీసిన పాస్‌కో, అంటే అసిస్ట్‌కో, ఒక పాయింట్; టీమ్ పాయింట్లు మ్యాచ్ ఫలితాలవి). టీమ్‌కి 111 పాయింట్లు, డివిజన్‌లో ఫస్ట్. ప్లేఆఫ్స్ (నాకౌట్ దశ) మొదటి రౌండ్‌లో డల్లాస్ మీద ఏడో మ్యాచ్ ఓవర్‌టైమ్‌లో జానీ కొట్టిన గోల్‌కి మా అపార్ట్‌మెంట్‌లో పైవాళ్ళు, కిందివాళ్ళు అందరూ ఒకేసారి అరిచారు. తర్వాత ఎడ్మంటన్ మీద మొదటి మ్యాచ్ 9-6తో గెలిచాం, కచక్ హ్యాట్రిక్. ఆ తర్వాత నాలుగూ ఓడిపోయాం. (ఐదో మ్యాచ్‌లో కాలు తగిలిందని రద్దు చేసిన కోల్‌మన్ గోల్ గోలే. దాని మీద వేరే లేఖ రాస్తా.)

జూలై 13న జానీ పైసా తిరిగి రాకుండా కొలంబస్ వెళ్ళిపోయాడు. కాంట్రాక్ట్ అయిపోయింది, ఇంటికి దగ్గరగా ఉండాలనుకున్నాడు, వెళ్ళాడు. ఇప్పుడు అతను లేడు, 2024 ఆగస్టులో తమ్ముడితో కలిసి సైకిల్ మీద వెళ్తుండగా కారు గుద్ది ఇద్దరూ పోయారు, అందుకే ఆ వేసవి గురించి అతన్ని ఒక్క మాట అనడానికి నాకు నోరు రాదు. అసలు అనాల్సింది కూడా అతన్ని కాదు. చివరి ఏడాది దాకా ఆగి, ఇక వెళ్ళిపోతాడని తెలిసేసరికి చేతిలో ఏమీ లేకుండా మిగిలింది క్లబ్బు.

వారం తిరక్కుండానే కచక్ కూడా చెప్పేశాడు, నేను ఇక్కడ లాంగ్ కాంట్రాక్ట్ సంతకం పెట్టనని. ఇక్కడ తెలుగువాళ్ళకోసం ఒక ముక్క చెప్పాలి. ఫ్లేమ్స్ ఆడే లీగ్ ఎన్‌హెచ్‌ఎల్ మన ఐపీఎల్‌లా కాదు. ముంబై వాళ్ళు గుజరాత్‌కి డబ్బు కట్టి హార్దిక్‌ని తెచ్చుకున్నట్టు ఇక్కడ కుదరదు. ట్రేడ్‌లో డబ్బు చేతులు మారకూడదు. ఆటగాడికి ఆటగాడినో, రాబోయే డ్రాఫ్ట్‌లో కుర్రాణ్ణి ఎంచుకునే హక్కునో (దాన్నే పిక్ అంటారు) ఇవ్వాలి. పైగా ప్రతి టీమ్ జీతాలకీ ఒక పరిమితి ఉంటుంది, శాలరీ క్యాప్ అంటారు, ఆ ఏడాది అది 8.25 కోట్ల డాలర్లు. కచక్‌ని ఆర్బిట్రేషన్‌కి (జీతం మధ్యవర్తి తేల్చడానికి) పంపితే ఒక్క సంవత్సరం ఉండేవాడు, 2023 వేసవిలో అతనూ జానీలాగే ఫ్రీగా వెళ్ళిపోయేవాడు. ఎవరికైనా అమ్ముదామంటే కొనేవాడికి కచక్ లాంగ్ కాంట్రాక్ట్ సంతకం పెడతాడని గ్యారంటీ కావాలి, అంటే ఎక్కడికి వెళ్ళాలో సగం అతనే తేల్చుకుంటాడు. ఇంట్లో గొడవలున్నాయని ఊరంతటికీ తెలిసిపోయాక పొలం అమ్మకానికి పెట్టినట్టు. అలాంటప్పుడు ఎవరు సరైన ధర ఇస్తారు?

ఫ్లోరిడా ఇచ్చింది. అదీ వింత. మీరు కచక్‌తో 8 ఏళ్ళకు 7.6 కోట్ల డాలర్ల కాంట్రాక్ట్ రాయించి, దానితోపాటు ఒక నాలుగో రౌండ్ పిక్ జతచేసి పంపారు. బదులుగా జొనాథన్ హ్యూబర్డో, డిఫెన్స్‌లో మెకెంజీ వీగర్, కోల్ ష్విండ్ట్ అనే కుర్రాడు, ఒక ఫస్ట్ రౌండ్ పిక్. హ్యూబర్డో అప్పుడే 115 పాయింట్లు కొట్టి వచ్చాడు, అందులో 85 అసిస్ట్‌లు, లెఫ్ట్ వింగర్ ఒక సీజన్‌లో అన్ని అసిస్ట్‌లు ఇవ్వడం లీగ్ చరిత్రలోనే రికార్డు. వెళ్ళిపోయిన జానీవి 115, వచ్చినవాడివి 115. ఇక వీగర్ వాళ్ళ డిఫెన్స్‌లో మొదటి జంటలో ఆడే మనిషి. ఆ రాత్రి మా బ్యాచ్‌లో ఒకడు "దోచేశాం రా ఫ్లోరిడాని" అని వాయిస్ మెసేజ్ పెట్టాడు. ఆ మెసేజ్ నా దగ్గర ఇంకా ఉంది, ఇప్పుడు ట్రేడ్‌ని అందరికంటే గట్టిగా తిట్టేది అతనే.

సరే, అసలు విషయానికి వస్తా. హ్యూబర్డో కాంట్రాక్ట్ ఇంకో ఏడాది ఉంది. సంవత్సరానికి 59 లక్షల డాలర్లు. వీగర్‌కీ ఇంకో ఏడాది ఉంది, 32.5 లక్షలు. అంటే ఇద్దరినీ చవగ్గా ఒక సీజన్ మొత్తం చూసుకునే అవకాశం మీకు ఉంది. పెళ్ళిచూపులకి ఏడాది టైమిచ్చారన్నమాట. మీరు ఏం చేశారు? ఒక్క క్షణం ఆలోచించకుండా 13 రోజుల్లో హ్యూబర్డోకి ఎనిమిదేళ్ళ తాళి కట్టేశారు. 8.4 కోట్ల డాలర్లు, ఏడాదికి 1.05 కోట్లు. క్యాప్‌లో దాదాపు ఎనిమిదో వంతు ఒక్క మనిషికి. ఇంకో టీమ్‌కి పంపాలంటే అతని ఒప్పుకోలు ఉండాలన్న క్లాజుతో సహా. అప్పటికి అతను ఫ్లేమ్స్ జెర్సీలో ఒక్క షిఫ్ట్ ఆడలేదు. ఆ కాంట్రాక్ట్ 2031 దాకా ఉంటుంది, అప్పటికి అతనికి 38 నిండుతాయి, మా అబ్బాయి యూనివర్సిటీలో ఉంటాడు.

ఎందుకు చేశారో నాకు తెలుసు. భయం. ఇద్దరు పోయారు, మూడోవాడు కూడా పోతే ఈ ఊళ్ళో ఎవరికీ ఉండాలని లేదంటారేమోనని భయం. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నారు. (అప్పటి జీఎం బ్రాడ్ ట్రెలివింగ్ గారు ఆ మాట మరీ సీరియస్‌గా తీసుకుని, 2023లో ఇక్కణ్ణుంచి తప్పుకుని నేరుగా టొరంటో మేపుల్ లీఫ్స్‌లో తేలారు. తెలుగు తెలిసినవాళ్ళకి మాత్రమే దొరికే జోకు ఇది, క్షమించండి.)

ఏడాది ఆగి ఉంటే ఏం కనపడేది? 2022-23లో హ్యూబర్డోవి 55 పాయింట్లు. 115 నుంచి 55. ఒక సీజన్‌కీ తర్వాతి సీజన్‌కీ మధ్య ఇంత పతనం లీగ్‌లో చాలా అరుదు. మనిషి మారలేదు, ఆట మారింది. ఫ్లోరిడాలో వాళ్ళు పక్ దొరగ్గానే నలుగురూ ఒకేసారి పరిగెత్తేవాళ్ళు, ఆ పరుగులో అడ్డంగా, ఎవరూ ఊహించని సందులోంచి పాస్ ఇవ్వడం హ్యూబర్డో విద్య. ఇక్కడ మన కోచ్ డారిల్ సట్టర్ గారి హాకీ వేరు: పక్‌ని లోపలికి కొట్టు, వెళ్ళి గోడ దగ్గర కొట్టుకుని తెచ్చుకో, వెనక్కి పరిగెత్తు. వీణ వాయించేవాణ్ణి తెచ్చి డప్పు చేతికిచ్చినట్టు. డప్పు తక్కువని కాదు నా ఉద్దేశం, సట్టర్ గారు అదే ఆటతో లాస్ ఏంజెలెస్‌లో రెండు స్టాన్లీ కప్పులు (లీగ్ ట్రోఫీ) గెలిచారు. కానీ 1.05 కోట్లు వీణకి ఇచ్చి డప్పు వినాలనుకోవడం ఏంటి? ఈ సంగతి డిసెంబరు కల్లా సాడిల్‌డోమ్ పై వరసలో కూర్చున్న నాకే తెలిసిపోయింది, పక్ కూడా సరిగ్గా కనపడని నాకు. ఏడాది చివర్లో సట్టర్ గారిని తీసేశారు. కోచ్ వెళ్ళాడు, కాంట్రాక్ట్ మిగిలింది.

ఆ సీజన్ 93 పాయింట్లతో రెండే రెండు పాయింట్ల తేడాలో ప్లేఆఫ్స్ పోయాయి. తర్వాతి ఏడాదీ లేవు. మొన్న 2024-25లో అయితే సెయింట్ లూయిస్‌కీ మనకీ సమానంగా 96, టైబ్రేకర్‌లో వాళ్ళు వెళ్ళారు.

ఇంకో తీగ కూడా లాగాలి, ఇది జనం మర్చిపోయారు. అదే ఆగస్టులో నజీమ్ కాడ్రీని ఏడేళ్ళకి తీసుకున్నారు. కొత్త జీతాలకి క్యాప్‌లో చోటు కావాలి కాబట్టి అదే రోజు షాన్ మోనహన్‌ని మాంట్రియల్‌కి పంపించారు, ఊరికే తీసుకోరు కదా, అతనితో పాటు ఒక ఫస్ట్ రౌండ్ పిక్ ఎదురు కట్నం ఇచ్చి. ఆ పిక్ 2025 జూన్ డ్రాఫ్ట్‌లో 16వ నంబరుగా తేలింది. కచక్‌కి బదులుగా ఫ్లోరిడా నుంచి మనకొచ్చిన పిక్ ఏ నంబరు? 32. ఆఖరిది. ఎందుకు ఆఖరిది? ఎందుకంటే కప్పు గెలిచిన టీమ్‌కి ఆఖరి పిక్ వస్తుంది, ఆ కప్పు గెలిపించింది కచక్. ఇంత పకడ్బందీగా విధి కూడా వెటకారం చేస్తుందని నేను అనుకోలేదు.

కచక్ గురించి కూడా నిజం చెప్పుకోవాలి. మొదటి ఏడాది 109 పాయింట్లు. పాంథర్స్ చావుతప్పి కన్ను లొట్టపోయినట్టు ప్లేఆఫ్స్‌లోకి వచ్చి, ఆ సీజన్‌లో 65 మ్యాచ్‌లు గెలిచి రికార్డు కొట్టిన బోస్టన్‌ని ఏడు మ్యాచ్‌ల్లో ఇంటికి పంపారు. కారొలైనా మీద మొదటి మ్యాచ్ నాలుగో ఓవర్‌టైమ్ చివర్లో, ఇంకో 13 సెకన్లు కూడా లేనప్పుడు గోల్ కొట్టాడు, రెండో మ్యాచ్ కూడా ఓవర్‌టైమ్‌లో అతనే. ఫైనల్‌లో ఛాతీ ఎముక విరిగినా ఒక మ్యాచ్ ఆడాడు. 2024లో కప్పు, 2025లో మళ్ళీ కప్పు. ఫ్లోరిడా జీఎం బిల్ జీటో గారి లెక్క నాకు ఇప్పుడు అర్థమవుతోంది. 2022లో ఆయన టీమ్ లీగ్ అంతటికీ టాప్, 122 పాయింట్లు, కానీ రెండో రౌండ్‌లో టాంపా మీద నాలుగు మ్యాచ్‌ల్లో కలిపి మూడంటే మూడు గోల్స్ కొట్టి ఇంటికొచ్చింది. మే నెలలో అందమైన పాస్‌లకి సందు దొరకదు. గోలీ ముందు కర్చీఫ్ వేసేవాడు కావాలి. దానికోసం 115 పాయింట్ల మనిషిని, ఫస్ట్ పెయిర్ డిఫెన్స్‌మన్‌ని వదులుకున్నాడాయన. అది ధైర్యం. ఆ రోజు ఆయన్ని చాలామంది పిచ్చివాడన్నారు, మా బ్యాచ్ సహా.

అయితే ఒక్కటి. ఆ రెండు ఫైనల్స్‌లోనూ ఓడింది ఎవరు? ఎడ్మంటన్. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందని సామెత, మనకి ఆ తోడికోడలు మూడు గంటల దూరంలో హైవే 2 చివర ఉంది. ఆ తోడికోడల్ని రెండుసార్లు ఏడిపించినవాడు మన పాత 19. మా ఇంట్లో 2024 జూన్ 24 రాత్రి పాయసం చేశాం, ఎవరికీ చెప్పకండి.

"సరే, ఆగితే హ్యూబర్డో కూడా ఫ్రీగా పోయేవాడు కదా" అంటారు మా వాళ్ళు. ఇక్కడే నాకు చిర్రెత్తుకొస్తుంది. పోయేవాడో లేదో ఫిబ్రవరిలో అడిగి తెలుసుకోవచ్చు. సంతకం పెట్టనంటే ట్రేడ్‌ల గడువు (డెడ్‌లైన్) లోపు అమ్మేయొచ్చు. కారొలైనా వాళ్ళు 2025లో సరిగ్గా అదే చేశారు. జనవరిలో కొలరాడో నుంచి మిక్కో రాంటనెన్‌ని తెచ్చుకున్నారు, దానికోసం మార్టిన్ నేచస్‌ని ఇచ్చారు, చిన్న సంగతి కాదు. రాంటనెన్‌కి అక్కడ మనసు కుదరలేదు. 13 మ్యాచ్‌లు ఆడాక మార్చి 7న డల్లాస్‌కి పంపేసి, లోగన్ స్టాంకోవెన్ అనే చురుకైన కుర్రాణ్ణి, రెండు ఫస్ట్ రౌండ్ పిక్‌లని, రెండు థర్డ్ రౌండ్‌లని తెచ్చుకున్నారు. వాళ్ళకి 13 మ్యాచ్‌లు చాలాయి. మీరు 13 రోజులు, అది కూడా ఎండాకాలంలో. ఫ్రిస్కోలో ఉండే మా బావమరిది డల్లాస్ అభిమాని, రాంటనెన్ ఏడో మ్యాచ్‌లో తన పాత టీమ్ కొలరాడో మీదే హ్యాట్రిక్ కొట్టిన రాత్రి ఫోన్ చేసి అరగంట నవ్వాడు. నేను నవ్వలేకపోయాను, కారొలైనా వాళ్ళ గురించి ఆలోచిస్తున్నా. రాంటనెన్ పోయినా వాళ్ళు కుంగిపోలేదు, ఆ కుర్రాడితోనే కాన్ఫరెన్స్ ఫైనల్ దాకా వెళ్ళారు.

ఇంకా వెనక్కి వెళ్తే అసలు వేరు 2019లో ఉంది. ఆ సెప్టెంబరులో కచక్‌కి మూడేళ్ళ బ్రిడ్జ్ కాంట్రాక్ట్ (పెద్దది రాసేలోపు ఇచ్చే చిన్నది) ఇచ్చారు, 2.1 కోట్లకి. అప్పుడు క్యాప్‌లో చోటు లేదు, నిజమే. కానీ ఆ మూడేళ్ళు అయ్యేసరికి అతను స్వేచ్ఛకి ఒక్క ఏడాది దూరంలో నిలబడతాడని ఆ రోజే క్యాలెండర్ చూస్తే తెలిసేది. అది రాసింది మీరు కాదు కాన్రాయ్ గారూ, అప్పుడు మీరు అసిస్టెంట్. కాకపోతే ఆ గదిలో ఉన్నారు.

అందరూ హ్యూబర్డోని తిడుతుంటే నాకు బాధగా ఉంటుంది. ఆయన ఏం చేశాడు? ఎవరో కోటి డాలర్లు చాచిన చేత్తో ఇస్తుంటే వద్దనాలా? పదేళ్ళు ఒకే ఊళ్ళో ఆడినవాణ్ణి ఒక రాత్రి మూటగట్టి మంచుకి పంపించారు. అయినా నేర్చుకుంటున్నాడు, 2024-25లో 28 గోల్స్ కొట్టాడు, పెనాల్టీ కిల్ (శిక్ష పడి ఒక మనిషి తక్కువైనప్పుడు కాపాడే పని) కూడా ఆడాడు, అది ఫ్లోరిడాలో ఎవరూ ఊహించి ఉండరు. వీగర్ అయితే మొదటి రోజు నుంచీ ఇచ్చిన జీతానికి న్యాయం చేస్తూనే ఉన్నాడు, ఒక ఏడాది 20 గోల్స్ కొట్టాడు, డిఫెన్స్‌మన్ అయ్యుండి. ఆ ట్రేడ్‌ని తిట్టేవాళ్ళు వీగర్ పేరు ఎత్తనే ఎత్తరు.

మీరు వచ్చాక మారిందని ఒప్పుకుంటాను. సంతకం పెట్టనన్న లిండ్‌హోమ్‌ని, హానిఫిన్‌ని, టానెవ్‌ని సమయం ఉండగానే అమ్మారు. మొన్నే డస్టిన్ వోల్ఫ్‌కి ఏడేళ్ళు ఇచ్చారు, అది వేరు. అతను ఏడో రౌండ్‌లో 214వ నంబరు కుర్రాడు, మన గోల్‌లో ఒక సీజన్ మొత్తం నిలబడి, కొత్తవాళ్ళ అవార్డులో రెండోవాడయ్యాక ఇచ్చారు. చూసి ఇచ్చారు.

ఇప్పుడు అసలు అడగాల్సింది. మన డిఫెన్స్‌మన్ రాస్మస్ ఆండర్సన్ కాంట్రాక్ట్ 2026 వేసవితో అయిపోతోంది. ఆయన్ని అమ్ముతారని అందరూ అంటున్నారు, అమ్మండి, మంచి ధర వస్తే నాకు అభ్యంతరం లేదు. కానీ బదులుగా ఎవరైనా పెద్ద పేరున్నవాడు వస్తే, రెండు వారాల్లో అతని చేతికి పెన్ను ఇచ్చి ఫొటోలు దించకండి. ఒక డిసెంబరు చూడండి, మైనస్ 30లో ప్రాక్టీసుకి ఎలా వస్తాడో చూడండి, ఇప్పటి కోచ్ రయన్ హస్కా గారి ఆటలో ఎక్కడ నిలబడతాడో చూడండి. అలాగే హ్యూబర్డో కాంట్రాక్ట్ వదిలించుకోవడానికి ఇంకో ఫస్ట్ రౌండ్ పిక్ కట్నంగా ఇవ్వాలన్న ఆలోచన ఆఫీసులో ఎవరికైనా ఉంటే, దయచేసి వాళ్ళకి 16, 32 అని రెండు అంకెలు కాగితం మీద రాసి చూపించండి. క్యాప్ 2025-26కి 9.55 కోట్లకి పెరిగింది, ఇంకా పెరుగుతుంది, ఆ భారం దానంతటదే తగ్గుతుంది.

చివరగా ఒక సొంత పని. మా అబ్బాయికి ఆ 19 జెర్సీ భుజాల దగ్గర పట్టడం లేదు. 2027లో కొత్త స్టేడియం తెరిచేనాటికి కొత్తది కొనాలి. నేను వోల్ఫ్ అంటున్నా, వాడు మన కుర్ర డిఫెన్స్‌మన్ పరేఖ్ అంటున్నాడు, పరేఖ్‌కింకా పట్టుమని పది మ్యాచ్‌లు కూడా పడలేదని నేనంటే, "మరి నువ్వు హ్యూబర్డోది ఎందుకు కొన్నావ్ నాన్నా" అంటున్నాడు. అవును, నేనూ ఆ ఆగస్టులోనే కొన్నాను. 10 నంబరు. అల్మారాలో ఉంది.

ఇట్లు,
సాడిల్‌డోమ్ పై వరసలోంచి
మీ తెలుగు అభిమాని